తెగని తాడు

2009 ఫిబ్రవరి 28, శనివారం. ఇంకా సరిగా తెల్లవారలేదు. ఫ్లోరిడా పడమటి తీరంలో క్లియర్‌వాటర్ రేవు. ట్రైలర్ మీంచి 21 అడుగుల ఫైబర్ పడవ ఒకటి నీళ్ళలోకి జారింది. ఐస్ పెట్టెలు, గేలపు కర్రలు, ఎర చేపలు, తిండి సామాను అందులోకి చేరాయి. వెనకాలే నలుగురు కుర్రాళ్ళు ఎక్కారు.

పడవ మార్కీస్ కూపర్‌ది. వయసు 26. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. ఓక్లండ్ రైడర్స్ జట్టులో ఉన్నాడు. చేపల వేటంటే అతనికి పిచ్చి. కోరీ స్మిత్ వయసు 29. డెట్రాయిట్ లయన్స్ తరఫున ఆడాడు. అంతకు ముందు సీజన్‌లో ఆ జట్టు ఆడిన 16 మ్యాచ్‌లూ ఓడిపోయి చరిత్రకెక్కింది. ఆ చేదు మింగిన వాళ్ళలో అతనూ ఒకడు. కూపర్, స్మిత్ ఒకప్పుడు టాంపా జట్టులో కలిసి ఆడారు. స్నేహం అక్కడిదే. మిగతా ఇద్దరు విల్ బ్లేక్‌లీ, నిక్ స్కైలర్. వీళ్ళు యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఫ్లోరిడాలో ఫుట్‌బాల్ ఆడిన జోడీ. స్కైలర్ జిమ్‌లో ట్రైనర్. నలుగురిలో చిన్నవాడు, 24 ఏళ్ళు.

ఒక్కొక్కడూ కొండలాంటి మనిషి. ఒంట్లో సత్తువకు కొదవలేదు. జరగబోయే దాంట్లో ఆ సత్తువ ఎంతవరకు అక్కరకొచ్చిందో చూస్తారు.

ముందు పడవ సంగతి. దాన్ని సెంటర్ కన్సోల్ అంటారు. స్టీరింగు, గేజీలు, ఇంజను మీట అన్నీ పడవ నడిమధ్యలో నిలువెత్తు పెట్టె ఒకదానికి అమర్చి ఉంటాయి. గది, పైకప్పు లాంటివి ఏమీ ఉండవు. ఆ పెట్టె చుట్టూ మనిషి నాలుగు వైపులా తిరగొచ్చు. గేలానికి పడ్డ పెద్ద చేప పడవ చుట్టూ గిరికీలు కొడుతుంటే, కర్ర పట్టుకున్నవాడు దాని వెంటే పరుగెత్తగలగాలి. ఈ రకం పడవకు ఇంత గిరాకీ అందుకే. వెనక పలకకు ఔట్‌బోర్డు ఇంజను వేలాడుతుంది. ఇంజను కోసం ఆ వెనక పలకను తక్కువ ఎత్తులో కడతారు. ముక్కు మాత్రం ఎత్తుగా, అలను చీల్చి పక్కలకు తోసేలా ఉంటుంది. పడవ అలకు ఎదురు నిలవాల్సింది ముక్కుతోనే. ఈ కథకు కీలకం ఈ ఎత్తుపల్లాల్లోనే ఉంది.

ఇలాంటి పడవ కొన్నవాడికి ఖర్చు కొనుగోలుతో తీరదు. మొదట చేపలెక్కడున్నాయో చూపే సోనార్ తెర కావాలి. ఏడాది తిరిగేసరికి దానికన్నా పెద్ద తెర మీద మనసు పడుతుంది. ఎండకు అల్యూమినియం గొట్టాల మీద గుడ్డకప్పు, కర్రలు గుచ్చుకోవడానికి మరో అరడజను గొట్టాలు, ఎర బతికుండే నీళ్ళ తొట్టి, దానికో పంపు వచ్చి చేరతాయి. కొంత కాలానికి పాత టూస్ట్రోక్ ఇంజను తీసేసి, పెట్రోలు తక్కువ తాగే ఫోర్‌స్ట్రోక్ ఇంజను బిగిస్తారు. అది మంచిదే, కాకపోతే బరువెక్కువ. ఆ బరువుకు వెనకభాగం ఒకటి రెండు అంగుళాలు కుంగుతుంది. డెక్కు మీది నీళ్ళు బయటికి పోవాల్సిన కంతల్లోంచి సముద్రపు నీళ్ళే లోపలికి తిరగడం మొదలవుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు అందుకే బ్యాటరీలను వెనకనుంచి తీసి కన్సోల్ కిందికి మారుస్తారు. చిన్న పడవలో ఎక్కడ ఏ బరువు పెట్టినా ఇంకోచోట జమా ఖర్చు చూసుకోవాల్సిందే.

ఈ కొనుగోళ్ళ వరసలో ప్రాణం కాపాడే సామాను ఎప్పుడూ చివరే. అది చేపను పట్టి తీసుకురాదు గదా.

ఇక దూరం. క్లియర్‌వాటర్ ముందున్న మెక్సికో గల్ఫ్ చాలా మెల్లగా లోతవుతుంది. నేల అంత వాటంగా సముద్రంలోకి దిగుతుంది. మన విశాఖలోలా నాలుగడుగులు వేస్తే లోతు అందుకోదు. మైళ్ళకు మైళ్ళు పోతేగాని వంద అడుగుల లోతు రాదు. గ్రూపర్, ఆంబర్‌జాక్ లాంటి పెద్ద చేపలు మునిగిపోయిన ఓడల శిథిలాల చుట్టూ, రాతి గుట్టల చుట్టూ చేరేది అక్కడే. అందుకని 21 అడుగుల పడవలు కూడా బలమైన ఇంజను అండ చూసుకుని తీరం కనబడనంత దూరం పోతాయి. మర్నాటికి చలిగాలి, ఎత్తు అలలు వస్తాయని వాతావరణ సూచన ఉంది. శనివారం పగలు మాత్రం ఫరవాలేదు. ఆ నలుగురూ యాభై మైళ్ళు దాటి వెళ్ళి ఒక శిథిలం మీద లంగరు వేశారు.

పగలంతా వేట బాగానే సాగింది, స్కైలర్‌కు తప్ప. అతనికి సముద్రం పడలేదు. కడుపులో తిప్పి వాంతులయ్యాయి. చలిగా అనిపించి దళసరి నారింజరంగు కోటు, పొడుగు పంట్లాము వేసుకుని ఓ పక్కన కూలబడ్డాడు. మిగతా ముగ్గురి ఒంటి మీద అన్ని బట్టలు లేవు. ఎంత చిన్న తేడా! మర్నాటికి అదే కొండంత అయింది.

సాయంత్రం అయిదున్నర ప్రాంతం. సూర్యుడు దిగిపోతున్నాడు. గాలి దిశ మారింది. అల లేస్తోంది. ఇక ఇంటికి పోదామని తాడు లాగారు. లంగరు రాలేదు.

శిథిలాల మీద వేట చేసేవాళ్ళకు ఇది మామూలే. లంగరు కొక్కెం ఏ ఇనప దూలం కిందో, ఏ రాతి పగుల్లోనో ఇరుక్కుంటుంది. తీయడానికి పద్ధతులున్నాయి. తాడు ముక్కుకే ఉంచి, ఇంజను సన్నగా నడుపుతూ పడవను లంగరు దాటించి అవతలి వైపుకు తిప్పాలి. ఎటునుంచి దిగబడిందో దానికి ఎదురు దిక్కునుంచి లాగితే చాలాసార్లు ఊడొస్తుంది. రాకపోతే తాడు కొసకు తేలే బుడ్డి ఒకటి కట్టి వదిలేసి, ఇంకోరోజు వచ్చి చూసుకోవచ్చు. అదీ కాదంటే కత్తి తీసి కోసేయాలి.

కోయడానికి మనిషికి మనసొప్పదు. లంగరు, గొలుసు, వందల అడుగుల తాడు కలిపితే వంద రెండొందల డాలర్ల సొత్తు. పడవ ఖరీదులో అది ఏ మూలకు? అయినా కళ్ళెదుట సముద్రంలో పారేయాలంటే చెయ్యి రాదు. పొద్దుగూకుతోంది, ఇంటికి దారి దూరం, ఇంకొక్కసారి గట్టిగా లాగితే వచ్చేస్తుందేమో అన్న ఆశ. ఇందులో డబ్బు మీది పేరాశ కంటే మంకుపట్టు ఎక్కువని నాకనిపిస్తుంది. ఊడని మేకును సుత్తితో ఇంకో నాలుగు దెబ్బలు వేసే మంకుపట్టే ఇది.

ముక్కు వైపునుంచి లాగి చూశారు. రాలేదు. అప్పుడు తాడును పడవ వెనకభాగానికి కట్టారు. కూపర్ స్టీరింగు దగ్గరికెళ్ళి ఇంజను మీట ముందుకు తోశాడు.

ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇంజను పడవను ముందుకు నెడుతోంది. తాడు కింద సముద్రపు నేలకు బిగిసిపోయి ఉంది. పడవ ముందుకు పోలేదు. ఆ బలమంతా వెనక పలకను కిందికి గుంజింది. ఇంజను బరువుతో అసలే అది అన్నిటికన్నా తక్కువ ఎత్తున్న చోటు. తాడు బిగిసినకొద్దీ ఇంకా కుంగింది. మీట ఎంత తోస్తే అంత కిందికి. వెనకనుంచి ఒక అల పలక దాటి లోపలికి దూకింది. వచ్చిన నీళ్ళన్నీ వాలుగా ఉన్న వెనక్కే చేరాయి. దాంతో ఇంకా కుంగింది, ఇంకో అల ఎక్కింది. తాడు మాత్రం తెగలేదు. పడవ పక్కకు ఒరిగి, వాళ్ళు తేరుకునేలోపే తిరగబడింది. నలుగురూ నీళ్ళలో పడ్డారు. లైఫ్ జాకెట్లు ఒంటి మీద లేవు. పడవలోనే, ఇప్పుడు దాని కింద ఉన్నాయి.

బ్లేక్‌లీ ఊపిరి బిగించి తిరగబడ్డ పడవ కిందికి మునిగాడు. చీకటి, తాళ్ళు, గేలాలు, కొట్టుకుంటున్న సామాను. మళ్ళీ మళ్ళీ మునిగి మూడు జాకెట్లు, నీళ్ళమీద తేలే దిండు ఒకటి పట్టుకొచ్చాడు. జాకెట్లు మిగతా ముగ్గురికి దక్కాయి. తనకు దిండు. సెల్‌ఫోన్లున్న సంచీ కూడా దొరికింది. నొక్కి చూశారు. అంత దూరంలో సిగ్నల్ ఏది?

పడవ మునగలేదు. దీని వెనక వేరే కథ ఉంది. 1950ల చివర డిక్ ఫిషర్ అనే పడవల తయారీదారుడు రెండు ఫైబర్ పెంకుల మధ్య గట్టిపడే నురగ నింపి బోస్టన్ వేలర్ అనే పడవ కట్టాడు. 1961లో ‘లైఫ్’ పత్రికలో దాని ఫొటోలు వచ్చాయి. సూటూబూటుతో ఫిషర్ పడవలో కూర్చుని ఉండగా దాన్ని రంపంతో నడిమికి కోసేశారు. వెనక సగంలో ఆయన ఇంజను వేసుకుని దర్జాగా వెళ్ళిపోయాడు. వ్యాపార ప్రకటనంటే అదీ! ఆ కంపెనీలో ఏళ్ళ తరబడి పడవలు గీసిన బాబ్ డోర్టీ తరవాత ఎవర్‌గ్లేడ్స్ అనే పడవల కంపెనీ పెట్టాడు. కూపర్ పడవ ఆ కంపెనీదే. డబ్బాలో కూరినట్టు నురగ నిండిన ఆ పడవ తలకిందులైనా తేలుతూనే ఉంది. ఏ యజమానీ విడిగా డబ్బు పెట్టి వేయించుకోని, కంటికి కనబడని ఆ నురగే ఆ రాత్రి వాళ్ళకు మిగిలిన నేల.

నున్నటి అడుగుభాగం. పట్టు దొరకదు. నీళ్ళమీదికి పొడుచుకొచ్చిన ఇంజను ఒక్కటే ఆధారం. వాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఎక్కడం, అల వచ్చి కొట్టడం, జారి పడటం, మళ్ళీ ఎక్కడం. రాత్రి గడిచినకొద్దీ చలిగాలి ముంచుకొచ్చింది. అలలు పెరిగి, తరవాతి గంటల్లో 14 అడుగుల దాకా లేచాయి. నీళ్ళు 17 డిగ్రీలకు అటూ ఇటూ. హైదరాబాదులో చలికాలం పొద్దున అంత చల్లదనానికి స్వెట్టర్ వేసుకుని టీ తాగుతాం. గాలి వేరు, నీళ్ళు వేరు. ఒంట్లో వేడిని నీళ్ళు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయి. మొదట ఒళ్ళంతా వణుకు. ఆ తరవాత వేళ్ళు ముడుచుకోవు. మాట తడబడుతుంది. చివరికి చలి మెదడుకెక్కి మనిషి తానెక్కడున్నాడో మరిచిపోతాడు. ఒంటి మీది జాకెట్‌నే ఊడబెరుక్కుంటాడు. కండలు తిరిగి, కొవ్వు లేని ఆటగాళ్ళ ఒళ్ళు ఇలాంటి చలికి పెద్దగా అడ్డం నిలవదు. స్కైలర్‌కు తోడు నిలిచింది ఉదయం వాంతులతో విసుక్కుంటూ వేసుకున్న ఆ కోటే.

ముందు పోయింది కూపర్. అతన్ని పట్టుకుని ఎంతసేపు ఉన్నాడో, చేతులు ఎప్పుడు పట్టు తప్పాయో స్కైలర్ తరవాత చెప్పుకున్నాడు. ఆ తరవాత స్మిత్. మిగిలింది యూనివర్సిటీ జట్టుమిత్రులిద్దరూ. తలమీదుగా హెలికాప్టర్ పోవడం కనిపించింది, దానికి వీళ్ళు కనిపించలేదు. ఎగసిపడే తెల్లటి నురుగు మధ్య తెల్లగా తేలే పడవ అడుగుభాగం పైనుంచి చూసేవాడికి ఇంకో అల మాత్రమే. పెనుగాలిలో కేకలు పైకి చేరవు. చివరికి బ్లేక్‌లీ కూడా పోయాడు. అందరికీ జాకెట్లు తెచ్చి పెట్టినవాడు అతనే.

ఒడ్డున ఏం జరుగుతోంది? రాత్రయినా పడవ రాకపోయేసరికి ఇళ్ళల్లో ఆందోళన మొదలైంది. ఆదివారం తెల్లవారుజామున కోస్ట్‌గార్డ్‌కు ఫోన్ వెళ్ళింది. అంటే పడవ తిరగబడ్డ చాలా గంటల తరవాత.  విమానాలు, హెలికాప్టర్లు, ఓడలు గాలిలో, అలల్లో చిన్న చిన్న చదరాలుగా సముద్రాన్ని పంచుకుని వెతికాయి. మంగళవారం సాయంత్రం ఆపేసేటప్పటికి వెతికిన సముద్రం 24,000 చదరపు మైళ్ళు. తెలంగాణలో సగానికి పైమాటే.

సోమవారం, మార్చి 2. మిట్టమధ్యాహ్నం ప్రాంతం. కోస్ట్‌గార్డ్ ఓడ టోర్నడో మీది కాపలావాళ్ళ కంటికి అలల మధ్య నారింజరంగు చుక్క ఒకటి ఆనింది. ఆ రోజు ఫొటో తరవాత ప్రపంచమంతా చూసింది. తలకిందులైన పడవ మీద, ఇంజనును ఆనుకుని ఒక్కడు కూర్చుని ఉన్నాడు. దాదాపు 43 గంటలు. అతన్ని హెలికాప్టర్‌లో టాంపా ఆసుపత్రికి చేర్చారు. మిగతా ముగ్గురి జాడ దొరకలేదు. గాలింపు ఆపుతున్నామని కోస్ట్‌గార్డ్ కెప్టెన్ టిమొతీ క్లోజ్ మర్నాటి సాయంత్రం ప్రకటించాడు. స్కైలర్ ఆ మరుసటి ఏడాది ‘నాట్ వితౌట్ హోప్’ అనే పుస్తకం రాశాడు.

దర్యాప్తు చేసింది ఫ్లోరిడా రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి కమిషన్. లంగరు తాడును వెనక కట్టి ఇంజను నడపడం వల్లే పడవ తిరగబడిందని తేల్చారు. తుపాను కారణం కాదు, పడవలో లోపమూ కాదు. చలిగాలి పడవను తిప్పలేదు. తిరగబడ్డ తరవాత అది మనుషుల పని పట్టింది.

ఈ ఘటన విన్న చిన్న పడవల యజమానులు ఎంతమంది ఆ వారమే దుకాణానికి వెళ్ళి ఏం కొన్నారో లెక్కలు నా దగ్గర లేవుగాని, వేటగాళ్ళ మధ్య లంగరు మాట రాగానే ఈ కథ వస్తుంది. లంగరును తాడుకు తలకిందులుగా కట్టే ఉపాయం ఒకటుంది. గొలుసును లంగరు తలకు కాకుండా అడుగున, కొక్కేల వైపు బిగిస్తారు. తల దగ్గర మాత్రం ప్లాస్టిక్ టై ఒకటి, వైర్లు కట్టే రకం, వేస్తారు. మామూలుగా అది ఆగుతుంది. లంగరు ఇరుక్కున్నప్పుడు గట్టిగా లాగితే టై తెగి, లాగుడు అడుగునుంచి పడి, లంగరు వెనక్కి ఊడొస్తుంది. ఖరీదు పైసల్లో. ఇప్పుడు చిన్న పడవల ముక్కుకు జీపీఎస్ ఉన్న కరెంటు మోటార్లు బిగిస్తున్నారు. బొత్తాం నొక్కితే గాలి ఎటు తోసినా మోటారే పడవను ఉన్నచోట నిలబెడుతుంది. లంగరు వేసే పనే తప్పుతుంది. ఆ మోటారుకు పెట్టే డబ్బుతో లంగర్లు పది పైగా వస్తాయి. అయినా దానికి వెనకాడని యజమాని, కొన్ని వందల డాలర్ల బీకన్ దగ్గర ఆలోచనలో పడతాడు.

బీకన్ అంటే అరచేతిలో పట్టే డబ్బా. ఆపదలో మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహాలకు కేక వేస్తుంది. పడవకు బిగించే పెద్ద రకం కొన్ని నీళ్ళు తగలగానే వాటంతట అవే మొదలుపెడతాయి. జీపీఎస్ ఉన్నదైతే మనిషి ఎక్కడున్నాడో వంద మీటర్ల లోపు చెబుతుంది. అమెరికాలో సరదా వేట పడవలకు ఇది తప్పనిసరి కాదు. ఒక్కో మనిషికి ఒక లైఫ్ జాకెట్, విసిరే దిండు, సంకేత మందుగుండు, మంటలార్పే సీసా లాంటివి ఉండాలి, అంతవరకే చట్టం. 26 అడుగుల లోపు పడవల్లో నడిపేవాడు పడిపోతే ఇంజను ఆగేలా తాడు తగిలించుకోవాలన్న నిబంధన వచ్చింది 2021 ఏప్రిల్ 1న. మనవైపు బీకన్ల విషయంలో కాస్త ముందే కదిలారు. మత్స్యకారుల బోట్ల కోసం ఇస్రో తయారు చేసిన ఆపద సంకేత పరికరం 2010 నుంచి వాడుకలో ఉంది. బొత్తాం నొక్కితే కోస్ట్‌గార్డ్‌కు కబురు పోతుంది.

అమెరికాలో బీకన్ కొన్నవాళ్ళు దాన్ని ప్రభుత్వ సముద్ర వాతావరణ సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి. రుసుము లేదు. రెండేళ్ళకోసారి తిరగరాయించుకోవాలి. పడవ రంగు, పొడవు, ఎప్పుడూ బయల్దేరే రేవు, ఇంటివాళ్ళ ఫోన్ నంబర్లు ఇవ్వాలి. నంబరు మారితే వెంటనే మార్పించుకోమంటారు. సంకేతం అందగానే డ్యూటీలో ఉన్నవాళ్ళు చేసే మొదటి పనుల్లో ఒకటి, ఆ ఇంటి నంబరుకు ఫోన్ చేసి, మీవాళ్ళు సముద్రం మీదికి వెళ్ళారా అని అడగడం.